కోఫీ అన్నన్ మీద పీహెచ్‌డీ: నా అనుభవం

కోఫీ అన్నన్ గురించి మనలో చాలామందికి తెలిసినవి రెండు ముక్కలు. ఐక్యరాజ్యసమితికి పదేళ్ళు ప్రధాన కార్యదర్శిగా చేశారు, నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ అంతకు మించి ఉండదు. నేను ఆయన ఉద్యోగ జీవితం మీద పీహెచ్‌డీ చేశాను. డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతూ పార్ట్ టైమ్‌గా చేసిన పని కాబట్టి చాలా ఏళ్ళు పట్టింది. అది ఎలా సాగిందో, ఆ కాగితాల మధ్య ఆ మనిషి నాకు ఎలా అర్థమయ్యారో చెప్పాలని ఎప్పటినుంచో ఉంది. ఆఫ్రికా మీద పరిశోధన చేయాలనుకునే మన పిల్లలు ఒకరిద్దరికైనా ఇది పనికొస్తే సంతోషం.

టాపిక్ ఒప్పించడమే మొదటి గండం. రాయలసీమలో కూర్చుని ఘనా దౌత్యవేత్త మీద థీసిస్ ఎందుకని కమిటీలో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను సియెర్రా లియోన్ సంగతి చెప్పాను. 2000 మే నెలలో అక్కడి తిరుగుబాటుదారులు వందలమంది ఐరాస శాంతి సైనికులను బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో ఉన్న మన భారత సైనికులను రెండు నెలలకు పైగా చుట్టుముట్టి ఉంచారు. జూలైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’ చేసి వాళ్ళను బయటకు తెచ్చారు. అప్పుడు ప్రధాన కార్యదర్శి అన్నన్. అంతకుముందు 1993 నుంచి 1996 దాకా శాంతి పరిరక్షక విభాగాన్ని నడిపిందీ ఆయనే. మన జవాన్లు ఆఫ్రికా అడవుల్లో ఎవరి ఆదేశాల మీద నిలబడ్డారో, ఆ ఆదేశాలు న్యూయార్క్‌లో ఎలా తయారవుతాయో తెలుసుకోవడం మనకు సంబంధం లేని విషయం ఎలా అవుతుంది? అలా టాపిక్ పాసైంది.

మా గైడ్ సార్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మొదటి మీటింగ్‌లో ఒకటే చెప్పారు. “నోబెల్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు ఆయన చేసిన ఉద్యోగాలన్నీ సంవత్సరాల వారీగా ఒక పట్టిక వేసుకుని రా. ఏ ఆఫీసు, ఏ సీటు, పైన ఎవరు, కింద ఏం పని. అంతే.”

ఆ పట్టికే నా థీసిస్‌కు వెన్నెముక అయింది.

అన్నన్ 1938 ఏప్రిల్ 8న కుమాసీలో పుట్టారు. అప్పటికి ఘనా లేదు, బ్రిటిష్ వాళ్ళ గోల్డ్ కోస్ట్ ఉంది. కవల పిల్లల్లో ఆయన ఒకరు. తోడబుట్టిన చెల్లెలు ఎఫువా 1991లో చనిపోయింది. తండ్రి కోకో ఎగుమతి చేసే యునైటెడ్ ఆఫ్రికా కంపెనీలో పెద్ద ఉద్యోగి. తాతలు ఇద్దరూ చీఫ్‌లు, అంటే తెగ పెద్దలు. కేప్ కోస్ట్‌లోని ఎంఫాంట్‌సిపిమ్ స్కూల్లో చదువుతుండగా, 1957 మార్చి 6న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. సహారాకు దక్షిణాన ఉన్న బ్రిటిష్ వలసల్లో మొదట విడుదలైంది ఘనాయే. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అది ఎలాంటి ఏడాదో ఊహించుకోవచ్చు. నిన్నటిదాకా తెల్లవాళ్ళు కూర్చున్న కుర్చీల్లో రాత్రికి రాత్రి తమవాళ్ళు కనబడ్డారు. తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని మకాలెస్టర్ కాలేజీకి వెళ్ళి, 1961లో ఎకనామిక్స్ డిగ్రీ తీసుకున్నారు. అక్కడి చలిలో చెవులకు తొడుక్కునే ఉన్ని కప్పులు చూడ్డానికి బాగుండవని మొదట వద్దనుకున్నారట. చెవులు గడ్డకట్టే స్థితి వచ్చాక వెళ్ళి కొనుక్కున్నారట. ఒక చోటికి వెళ్ళినప్పుడు అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకంటే మనకే ఎక్కువ తెలుసనుకోకూడదని అప్పుడు తెలిసిందని ఆయన తర్వాత చాలా సభల్లో చెప్పేవారు. మధ్యవర్తిగా ఆయన పనితీరు చూస్తే ఆ మాట ఉత్తుత్తిగా చెప్పింది కాదనిపిస్తుంది.

1962లో జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థలో బడ్జెట్ ఆఫీసర్‌గా చేరారు. ప్రొఫెషనల్ ఉద్యోగాల్లో అన్నిటికన్నా కింది మెట్టు అది. అక్కడినుంచి నా పట్టిక పొడుగవుతూ పోయింది. అడిస్ అబాబాలో ఆఫ్రికా ఆర్థిక సంఘం. మధ్యలో ఎంఐటీలో మేనేజ్‌మెంట్ చదువు. ఈజిప్టులోని ఇస్మాయిలియాలో శాంతి దళానికి సిబ్బంది వ్యవహారాలు. 1974లో సొంత దేశానికి ఏదైనా చేయాలని ఘనాకు వెళ్ళి, టూరిస్ట్ డెవలప్‌మెంట్ కంపెనీకి డైరెక్టర్‌గా రెండేళ్ళు పనిచేశారు. అప్పుడు అక్కడ సైనిక పాలన. 1976లో మళ్ళీ ఐరాసకు తిరిగొచ్చేశారు. 1980లో జెనీవాలో శరణార్థుల హైకమిషనర్ ఆఫీసు. ఆ తర్వాత న్యూయార్క్‌లో బడ్జెట్, సిబ్బంది, ఆర్థిక వ్యవహారాలు.

ఈ భాగాన్ని జీవిత చరిత్రలు రాసినవాళ్ళు చాలామంది నాలుగు పేరాల్లో దాటేస్తారు. నాకు మాత్రం అసలు మనిషి అక్కడే దొరికాడనిపించింది. ముప్పై ఏళ్ళపాటు ఎవరికి ఏ గ్రేడ్ ఇవ్వాలి, ఏ ఆఫీసుకు ఎంత డబ్బు, ఎవరిని ఎక్కడికి బదిలీ చేయాలి అని చూసిన మనిషికి ఒక సంస్థ లోపలి నరాలన్నీ తెలుస్తాయి. ఎక్కడ పని ఆగిపోతుందో, ఎవరు సంతకం పెట్టకుండా ఫైలు పక్కన పెడతారో తెలుస్తుంది. 1997 జనవరి 1న పదవిలోకి వచ్చాక, ఆ జూలైలోనే ఆయన పెద్ద సంస్కరణల ప్రణాళిక పెట్టగలిగారు. ఉప ప్రధాన కార్యదర్శి పదవి అందులోంచి పుట్టిందే. బయటి నుంచి వచ్చిన విదేశాంగ మంత్రి ఎవరైనా అయితే ఆ భవనం అర్థం కావడానికే రెండేళ్ళు పట్టేది. ఐరాస ఉద్యోగుల్లోంచి ఎదిగి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే.

ఈ పట్టికలో ఒక గడి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, అక్కడ చిక్కుకున్న తొమ్మిది వందల మందికి పైగా ఐరాస సిబ్బందిని వెనక్కి తెప్పించే పని, పాశ్చాత్య బందీలను విడిపించే పని అన్నన్‌కు అప్పగించారు. మాది కడప జిల్లా. మా వైపు కువైట్‌కు పోని ఇల్లు వెతికితే కానీ దొరకదు. మా మేనమామ కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు రావడం, ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం లైన్లు, చివరకు అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం, అన్నీ నిన్న జరిగినట్టే చెప్పాడు. మామను ఇంటికి తెచ్చింది మన ప్రభుత్వం, మన విమానాలు. అన్నన్ తెచ్చింది ఐరాస వాళ్ళను. రెండూ వేరు వేరు పనులే. కానీ ఇంతకాలం నాకు కాగితం మీదే ఉన్న మనిషి, మా ఇంట్లోవాళ్ళు నడిచిన ఎడారిలోనే తన పని తాను చేసుకున్నాడని తెలిసినప్పుడు కలిగిన భావం వేరు. ఆ తర్వాత, మానవతా సాయానికి డబ్బు కోసం ఇరాక్ చమురు అమ్మే విషయమై ఐరాస పంపిన మొదటి చర్చల బృందానికి నాయకుడూ ఆయనే. పదిహేనేళ్ళ తర్వాత ఆ చమురు లెక్కలే ఆయన మెడకు చుట్టుకున్నాయి.

ఇక రువాండా. ఈ చాప్టర్ రాసిన నెలల్లో నాకు సరిగా నిద్ర లేదు.

1994 జనవరి 11. రువాండాలో ఐరాస దళానికి అధిపతి, కెనడా జనరల్ రోమియో డలేర్ న్యూయార్క్‌కు ఒక కేబుల్ (అధికారిక తంతి సందేశం) పంపారు. వాషింగ్టన్‌లోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ దాన్ని అందరికీ అందుబాటులో పెట్టింది, నెట్‌లో చూడొచ్చు. చిన్న కాగితమే. హుటూ మిలీషియా లోపలి మనిషి ఒకడు డలేర్ దళానికి సమాచారం ఇచ్చాడు. రాజధాని కిగాలీలో ఆయుధాలు దాచారు, మైనారిటీ తెగ అయిన టుట్సీల పేర్లు నమోదు చేస్తున్నారు, ఇరవై నిమిషాల్లో వెయ్యి మంది దాకా చంపగలిగేలా శిక్షణ ఉంది, బెల్జియం సైనికులను చంపితే బెల్జియం వెళ్ళిపోతుందని ఎత్తు వేశారు. ఆయుధాల మీద దాడి చేస్తామని డలేర్ రాశారు. న్యూయార్క్ నుంచి అన్నన్ విభాగం ఇచ్చిన జవాబు: వద్దు. భద్రతా మండలి 872వ తీర్మానం ఇచ్చిన అధికారం అందుకు చాలదు. రువాండా అధ్యక్షుడికి, బెల్జియం, ఫ్రాన్స్, అమెరికా రాయబారులకు సంగతి చెప్పండి. జవాబు వెళ్ళింది అన్నన్ పేరు మీదే.

ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానం కూలింది. మర్నాడు పదిమంది బెల్జియం సైనికులను చంపేశారు. కేబుల్‌లో రాసినట్టే బెల్జియం దళాన్ని వెనక్కి పిలిపించుకుంది. ఏప్రిల్ 21న భద్రతా మండలి దళాన్ని 270 మందికి కుదించింది. సుమారు వంద రోజుల్లో హుటూ తీవ్రవాదులు ఎనిమిది లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలనే, చంపారు.

న్యూయార్క్ అంత భయపడడానికి కారణం వెతికితే సోమాలియా కనబడుతుంది. కేబుల్ వచ్చేసరికి మొగదిషులో 18 మంది అమెరికన్ సైనికులు చనిపోయి మూడు నెలలు దాటింది. ఇంకో శాంతి దళం కాల్పుల్లోకి దిగుతుందంటే సభ్య దేశాలు, ముఖ్యంగా అమెరికా, వినే స్థితిలో లేవు. ఇది కారణం మాత్రమే, దీన్ని క్షమాపణ అనలేం. వైవాలో బయటి ఎగ్జామినర్ నన్ను సూటిగా అడిగారు: “మీరు ఆయన్ని సమర్థిస్తున్నారా?” లేదన్నాను. మండలి అధికారం ఇవ్వకపోతే దాడి చేయించే శక్తి ఆయనకు లేకపోవచ్చు. కానీ ఆ కాగితాన్ని మండలి బల్ల మీద పెట్టే శక్తి ఆయన విభాగానికి ఉంది. పెట్టలేదు. నా థీసిస్‌లో అన్నిటికన్నా బరువైన వాక్యం అదే, దాన్ని ఎన్నో రకాలుగా రాసి చివరకు అలాగే ఉంచాను.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు, అన్నన్ తన మీద తానే వేయించుకున్న విచారణ చెప్పింది. 1999 మార్చిలో ఆయన, మండలి ఆమోదంతో, స్వీడన్ మాజీ ప్రధాని ఇంగ్వార్ కార్ల్‌సన్ అధ్యక్షతన స్వతంత్ర కమిటీ వేశారు. డిసెంబరులో నివేదిక వచ్చింది. ఎస్/1999/1257 అని దాని నంబరు. కేబుల్ విషయంలో తీవ్రమైన తప్పులు జరిగాయని, ఆ సమాచారాన్ని ప్రధాన కార్యదర్శికి, మండలికి వెంటనే చెప్పాల్సిందని అందులో ఉంది. వనరుల కొరత, రాజకీయ సంకల్పం లేకపోవడం, మొత్తం ఐరాస వ్యవస్థ వైఫల్యం అని తేల్చింది. దానికి నెల ముందే స్రెబ్రెనిత్సా మీద ఇంకో నివేదిక, ఏ/54/549, బయటపెట్టారు. 1995 జూలైలో ఐరాస కాపలాలో ‘సురక్షిత ప్రాంతం’ అని ప్రకటించిన చోట సుమారు ఎనిమిది వేలమంది బోస్నియా ముస్లిం మగవాళ్ళను, అబ్బాయిలను చంపిన ఘటన అది. అప్పుడూ శాంతి విభాగం అధిపతి అన్నన్.

పదవిలో ఉంటూ, రెండోసారి ఎన్నిక ఇంకా ముందుండగా, తన పేరు దోషుల వరసలో వచ్చే నివేదికలు రెండు ఒకే శీతాకాలంలో ప్రచురించిన అధికారి నాకు ఇంకొకరు తెలియదు. అయినా నేను దీన్ని ఆయన గొప్పతనం కింద రాయలేదు. చచ్చిపోయినవాళ్ళకు ఏ నివేదికా తిరిగి ప్రాణం పోయదు. 1998 మేలో ఆయన కిగాలీ పార్లమెంటులో మాట్లాడినప్పుడు రువాండా నాయకులు ఆ మాటలు చాలవని మండిపడ్డారు, విందుకు కూడా రాలేదు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ 2005లో ప్రపంచ నాయకుల సదస్సు ‘రక్షించే బాధ్యత’ అనే సూత్రాన్ని (ఒక ప్రభుత్వం తన ప్రజలను ఊచకోతల నుంచి కాపాడకపోతే ప్రపంచ దేశాలు కలగజేసుకోవాలన్నది) ఒప్పుకోవడం వెనక ఆ రెండు నివేదికల బరువు ఉందని పత్రాలు వరసగా చదివితే తెలుస్తుంది.

1996 ఎన్నిక మీద రాసిన చాప్టర్ మాత్రం ఇష్టంగా రాశాను. అప్పటి ప్రధాన కార్యదర్శి, ఈజిప్టుకు చెందిన బూత్రోస్ ఘలీకి రెండో అవకాశం ఇవ్వాలని మండలిలో 14 దేశాలు చేయెత్తితే, అమెరికా ఒక్కటే వీటో చేసింది. ఆఫ్రికాకే ఇంకోసారి అన్నప్పుడు వచ్చిన నలుగురూ పశ్చిమ ఆఫ్రికా వాళ్ళే. ఘనా నుంచి అన్నన్, ఐవరీ కోస్ట్ నుంచి అమరా ఎస్సీ, నైజర్ నుంచి హమీద్ అల్గాబిద్, మారిటేనియా నుంచి అహ్మదూ ఉల్ద్ అబ్దల్లా. ముగ్గురివి ఒకప్పటి ఫ్రెంచి వలస దేశాలు, అన్నన్ ఒక్కరిది ఇంగ్లీషు వలస. ఫ్రాన్స్ మొదట అన్నన్‌ను అడ్డుకుంది. ఇటు అమెరికా, బ్రిటన్ ఎస్సీకి అడ్డుపడ్డాయి. చివరకు ఫ్రాన్స్ తగ్గింది, డిసెంబరు 13న మండలి అన్నన్ పేరు ఖాయం చేసింది. వలస పాలన పోయి దాదాపు నలభై ఏళ్ళయినా, ఆఫ్రికా మనిషికి వచ్చే పదవి పారిస్, లండన్ లెక్కల మధ్యే తేలింది. ఇది చదువుతుంటే బాధేసింది.

ఆ నలుగురిలో ఉల్ద్ అబ్దల్లా నా థీసిస్‌లో మళ్ళీ వస్తారు. నైజీరియా, కామెరూన్ సరిహద్దులో బకాసీ అనే ద్వీపకల్పం ఉంది. చేపలు, చమురు రెండూ ఉన్న నీళ్ళు. ఉండేది ఎక్కువమంది నైజీరియా వాళ్ళు. 2002 అక్టోబరు 10న అంతర్జాతీయ న్యాయస్థానం అది కామెరూన్‌దని తీర్పిచ్చింది. తీర్పుకు ముందే అన్నన్ ఇద్దరు అధ్యక్షులను, నైజీరియా ఒబసాంజోను, కామెరూన్ పాల్ బియాను, పారిస్ దగ్గర కూర్చోబెట్టి మాట తీసుకున్నారు. తీర్పు వచ్చాక నెల తిరిగేసరికి జెనీవాలో మళ్ళీ కలిపి రెండు దేశాల ఉమ్మడి కమిషన్ వేయించారు. దానికి అధ్యక్షుడిగా పెట్టింది 1996లో తనతో పోటీ పడిన ఉల్ద్ అబ్దల్లానే. 2006 జూన్ 12న న్యూయార్క్ దగ్గర గ్రీన్‌ట్రీలో ఒప్పందం కుదిరింది. ఆ ఆగస్టు 14న నైజీరియా సైన్యం వెళ్ళిపోయింది. ఆఫ్రికాలో రెండు పెద్ద దేశాలు యుద్ధం లేకుండా భూమి చేతులు మార్చుకున్నాయి. సద్దాం హుస్సేన్‌తో చర్చలకు 1998 ఫిబ్రవరిలో అన్నన్ బాగ్దాద్ వెళ్తే ప్రపంచంలోని కెమెరాలన్నీ వెంట వెళ్ళాయి, డిసెంబరుకల్లా బాంబులు పడనే పడ్డాయి. బకాసీ ఒప్పందం ఈ రోజుకీ నిలిచి ఉంది. అయినా మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరైనా లేదు.

ఇరాక్ చమురు అమ్మి ఆ డబ్బుతో అక్కడి ప్రజలకు ఆహారం, మందులు కొనే ఐరాస కార్యక్రమంలో జరిగిన కుంభకోణం గురించి ఎక్కువ రాయలేదు. 2004లో అమెరికా కేంద్ర బ్యాంకు మాజీ అధిపతి పాల్ వోల్కర్ అధ్యక్షతన విచారణ కమిటీ వేశారు. అన్నన్ కొడుకు పనిచేసిన కంపెనీకి కాంట్రాక్టు రావడంలో అన్నన్ జోక్యం ఉన్నట్టు ఆధారం లేదని, కానీ ఆయన తగినంత ఆరా తీయలేదని కమిటీ చెప్పింది. ఆ రెండు మాటలూ కలిపి రాయాలి, ఒకటి వదిలేసి ఇంకొకటి రాస్తే అన్యాయం. కొడుకు విషయంలో ఆయన నలిగిపోయారని దగ్గరివాళ్ళు చెప్పిన మాటలు చదివాను. థీసిస్‌లో వాటికి చోటు లేదు.

పదవి అయిపోయాక చేసిన పనుల్లో నాకు కెన్యా ఎక్కువ నచ్చింది. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత అక్కడ వెయ్యిమందికి పైగా చనిపోయారు, లక్షలమంది ఇళ్ళు వదిలారు. నెల్సన్ మండేలా భార్య గ్రాసా మషేల్, టాంజానియా మాజీ అధ్యక్షుడు మ్‌కాపాలతో కలిసి అన్నన్ నైరోబీలో 41 రోజుల చర్చలు నడిపారు. రెండు పక్షాలూ మొండికేస్తే, బృందాలను పక్కన పెట్టి నేరుగా అధ్యక్షుడు కిబాకీ, ప్రతిపక్ష నాయకుడు ఒడింగా ఇద్దరినే ఎదురెదురుగా కూర్చోబెట్టారు. 2008 ఫిబ్రవరి 28న సంతకాలయ్యాయి. 2012లో సిరియాలో అదే మనిషి ఆరు నెలల్లోనే చేతులెత్తేసి రాజీనామా చేయాల్సి వచ్చింది. నైరోబీలో పక్క దేశాలు, పెద్ద దేశాలు అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. డమాస్కస్ విషయంలో భద్రతా మండలే రెండుగా చీలింది. మధ్యవర్తి నేర్పు ఎంతదాకా పనిచేస్తుందో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇలాంటి టాపిక్ తీసుకోవాలనుకునేవాళ్ళకు ఒకటి చెప్పగలను. డబ్బు లేదని, న్యూయార్క్ వెళ్ళలేమని ఆగిపోవద్దు. ఐరాస డిజిటల్ లైబ్రరీలో పత్రాల నంబరు కొడితే చాలు, ఉచితంగా వస్తాయి. ‘ఎస్’తో మొదలైతే భద్రతా మండలిది, ‘ఏ’తో మొదలైతే సాధారణ సభది. ముందు నివేదిక చదవండి, దాని ఫుట్‌నోట్లలో ఉన్న పత్రాలు తీయండి, ఆ తర్వాతే జ్ఞాపకాల పుస్తకాలకు వెళ్ళండి. వరస తిరగేస్తే ఆ మనిషి చెప్పిన కథలోంచి బయటపడటం కష్టం. ఫ్రెంచి కొంచెం నేర్చుకుంటే పశ్చిమ ఆఫ్రికాలో సగం తలుపులు తెరుచుకుంటాయి. నేను యాభైకి దగ్గరపడుతున్న వయసులో మొదలుపెట్టి, పత్రాలు చదివేంత వరకు నేర్చుకున్నాను. ఉల్ద్ అబ్దల్లా నడిపిన ఉమ్మడి కమిషన్ ఒకసారి కామెరూన్ రాజధాని యావుండేలో, ఒకసారి నైజీరియా రాజధాని అబూజాలో సమావేశమయ్యేది. ఆ సమావేశాల ప్రకటనలు ఇప్పుడు ఒక్కొక్కటిగా చదువుతున్నాను, బకాసీ మీద తెలుగులో ఒక వ్యాసం రాయాలని.